నాయనమ్మ కాగు నుంచి పసుపు బాయిలర్ దాకా

పోయిన చలికాలం విస్కాన్సిన్‌లో ఆన్‌సైట్‌లో ఉన్న మా టీమ్‌మేట్ ఒక ఫోటో పంపాడు. చుట్టూ మంచు, మధ్యలో చిన్న రేకు గది, దాని మీద ఓ పొట్టి పొగ గొట్టం, అందులోంచి దట్టంగా పొగ. వాళ్ళ పక్కింటాయన పెరట్లో పెట్టుకున్న కట్టెల ఫర్నేసట అది. లోపల మంట, మంట చుట్టూ నీళ్ళ తొట్టి. ఆ వేడినీళ్ళు భూమిలో వేసిన పైపుల గుండా ఇంట్లోకి వెళ్ళి గదులన్నీ వెచ్చగా ఉంచుతాయి. "అమెరికాలో కూడా ఇంకా కట్టెల పొయ్యిలున్నాయి చూశావా" అని వాడి ఆశ్చర్యం. నాకు మాత్రం అందులో నందిపేట్‌లో మా ఇంటి వెనకున్న కాగు కనపడింది.

కాగు తెలియని సిటీ వాళ్ళ కోసం రెండు ముక్కలు. పెరట్లో మట్టితో పొయ్యి కట్టి, దాని మీద పెద్ద కుండో, రాగి గుండిగో కదలకుండా కూర్చోబెడతారు. పొద్దున్నే కింద మంట పెడితే ఇంటిల్లిపాదికీ స్నానానికి వేడినీళ్ళు. మాకు చలి అంటే డిసెంబర్, జనవరి తెల్లవారుజాములు. ఇల్లు వెచ్చబెట్టుకోవాల్సిన అవసరం లేదు, ఒళ్ళు వెచ్చబెట్టుకుంటే చాలు. మిగతాదంతా విస్కాన్సిన్ లెక్కే: బయట మంట, నీళ్ళలో వేడి, ఇంటి నిండా పొగ.

ఇంజనీరింగ్ చదివిన పాపానికి ఆ రోజు నుంచి నాకో పురుగు పట్టుకుంది. కట్టెల పొయ్యి మనిషికి తెలిసిన అన్నిటికంటే పాత మెషీన్. దాన్ని బాగుచేయడానికి ఎవరూ ప్రయత్నించలేదా? ప్రయత్నిస్తే మా నాయనమ్మ కాగు దాకా ఎందుకు రాలేదు? చదువుతూ పోతే తేలిందేంటంటే, చాలామంది ప్రయత్నించారు. అందులో ఒకాయన మన హైదరాబాద్ ఇంజనీరే.

ముందు కాస్త ఫిజిక్సు. భయపడకండి, కాస్తే. పొయ్యి ఎఫిషియెన్సీ అంటే నిజానికి రెండు ఎఫిషియెన్సీలు. కట్టె పూర్తిగా కాలిందా లేదా అన్నది ఒకటి. పుట్టిన వేడిలో గిన్నెకి ఎంత చేరిందన్నది రెండోది. ఈ రెండిటికీ ఒకదానితో ఒకటి పడదు. కట్టె పూర్తిగా కాలాలంటే మంట బాగా వేడిగా ఉండాలి, కాలడానికి చోటు కావాలి. వేడి బాగా అందాలంటే చల్లటి గిన్నెని మంటకి దగ్గరగా పెట్టాలి. దగ్గరగా పెడితే మంట చల్లబడి మసి, పొగ. ఆ పొగ అంటే కాలకుండా పారిపోయిన కట్టే. అమెరికా ఫర్నేసుల రోగం సరిగ్గా ఇదే. మంట చుట్టూ నీళ్ళుండటంతో మంటకి ఎప్పుడూ జలుబే. పైగా నీళ్ళు వేడెక్కగానే థర్మోస్టాట్ గాలిని మూసేస్తుంది, ఇక కట్టెలు గంటల తరబడి కుమిలిపోతాయి. చుట్టుపక్కల వాళ్ళ గోల పడలేక వాళ్ళ పర్యావరణ సంస్థ 2015లో ఈ ఫర్నేసులకి పొగ పరిమితులు పెట్టింది, 2020లో ఇంకా బిగించింది. ఆ దెబ్బతో కంపెనీలు డిజైన్ మార్చాయి. పొగని రెండో గదిలోకి పంపి అక్కడ మళ్ళీ మండించడం, ఒక్కసారి గట్టిగా మండించి వేడిని పెద్ద నీళ్ళ ట్యాంకులో దాచుకోవడం లాంటివి వచ్చాయి.

ఇంకా వెనక్కి వెళితే, 1790ల్లో మ్యూనిక్‌లో కౌంట్ రమ్‌ఫర్డ్ అనే పెద్దమనిషి కట్టెలు తూకం వేసి మరీ పొయ్యిలు కట్టాడు. మంటని ఇటుకల మధ్య మూసి, గిన్నెని అందులోకి దించి, గాలికి తలుపు పెట్టాడు. ఆయనకి ఆ అవసరం ఎందుకొచ్చిందో గమనించండి. ఆయన వంట చేయించాల్సింది బీదల ఆశ్రమానికి. కట్టెల బిల్లు కట్టేది ప్రభుత్వం. బిల్లు ఉంది కాబట్టి తూకం వచ్చింది.

ఈ సంగతి మా జిల్లాలోనే తలకిందులుగా కనపడుతుంది. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931కల్లా నిజాంసాగర్ కట్టారు, నవాబ్ అలీ నవాజ్ జంగ్ చీఫ్ ఇంజనీరుగా. ఆ నీళ్ళతో బోధన్ చుట్టూ చెరుకు వచ్చింది, చెరుకు వెంట 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆ పేటకి పేరే శక్కర్‌నగర్. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని మా బాపు తరం వాళ్ళు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. (2002లో ప్రైవేటు చేతికి వెళ్ళింది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఆ కథ ఇంకో టపాకి సరిపోతుంది, ఏడుపుకి కూడా.)

చెరుకు మిల్లు బాయిలర్‌లో కాలేది చెరుకు పిప్పి. టన్ను చెరుకు ఆడితే దాదాపు 300 కిలోల పిప్పి మిగులుతుంది, అందులో సగం నీళ్ళే. మరి ఇంత పెద్ద పరిశ్రమలో బాయిలర్లు మహా ఎఫిషియెంట్‌గా ఉండి ఉంటాయనుకుంటాం కదా? నేనూ అలాగే అనుకున్నా. కానీ పాతకాలం చెరుకు మిల్లుల్లో, మన దేశంలోనే కాదు ఎక్కడైనా, బాయిలర్లని కావాలనే అంతంతమాత్రంగా ఉంచేవాళ్ళు. ఎందుకంటే పిప్పి మిగిలితే తలనొప్పి. గుట్టలుగా పేరుకుంటుంది, నిప్పంటుకుంటుంది, దాచడానికి చోటు కావాలి. సీజన్ అయ్యేసరికి పిప్పి అంతా కాలిపోవాలి, మిల్లుకి సరిపడా ఆవిరి రావాలి, అంతే స్పెసిఫికేషన్. 1990ల్లో మిగులు కరెంటుని గ్రిడ్‌కి అమ్ముకోవచ్చని ప్రభుత్వం దారి చూపాక పిప్పికి రేటు వచ్చింది. అప్పుడు అదే పరిశ్రమ హై ప్రెషర్ బాయిలర్లు కొనడం మొదలుపెట్టింది. అంటే టెక్నాలజీ లేక కాదన్నమాట అన్నాళ్ళూ ఆగింది.

బెల్లం గానుగల దగ్గరా ఇదే. పెనం కింద పొయ్యిలోకి ఒకాయన కూర్చుని ఎండు పిప్పి తోస్తూనే ఉంటాడు. ఆ చెరుకు పిప్పి ఆ రసం కాగడానికి సరిపోయినంత కాలం ఎవరూ పొయ్యి వంక చూడరు. చాలకపోతే బయట కట్టె కొనాలి. ఆ రోజు మాత్రం పొయ్యి మీద పెద్ద చర్చ జరుగుతుంది :)

సరే, మరి ఇంట్లో పొయ్యి? అక్కడ కట్టెకి బిల్లే లేదు. పత్తికట్టె, కందికట్టె, తుమ్మ కొమ్మలు, పిడకలు. తెచ్చేది ఆడవాళ్ళు, నెత్తి మీద మోసేది వాళ్ళు, ఆ పొగ పీల్చేదీ వాళ్ళే. డబ్బు చేతులు మారలేదు కాబట్టి అది ఖర్చు అని ఎవరికీ అనిపించలేదు.

ఇక్కడే ఎస్.పి.రాజు గారి గురించి చెప్పాలి. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ ల్యాబొరేటరీ అని ఒకటుండేది. తర్వాత ఆంధ్రప్రదేశ్ ఇంజనీరింగ్ రీసెర్చ్ ల్యాబొరేటరీస్ అయింది ఇదే. ప్రాజెక్టులు కట్టేముందు నీటి మోడళ్ళు పెట్టి పరీక్షలు చేసే రకం ల్యాబ్. అలాంటి చోట పనిచేసిన రాజు గారు వంటింటి పొయ్యిని ఇంజనీరింగ్ ప్రాబ్లమ్‌గా తీసుకున్నారు. 1953లో మద్రాసు నుంచి ఇంగ్లీషులో ఆయన పుస్తకం వచ్చింది. పేరు 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్'. కోట్లాది ఇళ్ళకి పొగలేని వంటిల్లు అని. నాకు ఆ పేరే నచ్చింది. ఎన్ని కట్టెలు మిగులుతాయన్నది పేరులో లేదు, పొగ ఉంది. ప్రపంచంలో పొయ్యిల మీద ఎవరు చరిత్ర రాసినా ఈ పుస్తకం దగ్గర ఆగాల్సిందే. మన దగ్గర మాత్రం ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగేళ్ళు చదివినా ఒక్క లెక్చరర్ నోట ఆయన పేరు వినలేదు నేను.

ల్యాబ్ పేరు మీదే ఆ పొయ్యిని 'హెర్ల్ చూల్హా' అంటారు. అంతకు ముందే, 1947లో, వార్ధా దగ్గర మగన్‌వాడిలో గాంధీ గారి గ్రామ పరిశ్రమల వాళ్ళు 'మగన్ చూల్హా' తెచ్చారు. రెండిటి ఐడియా దగ్గర దగ్గరే. మట్టితో పొడుగ్గా కట్టిన మూత పొయ్యి. మంట ఒక్కచోటే, దాని మీద గిన్నెలు వరుసగా. మొదటి గిన్నె దాటిన వేడి గాలి రెండో దాని కిందికి, అక్కణ్ణించి మూడో దాని కిందికి వెళ్ళి చివర పొగ గొట్టంలోంచి బయటికి పోతుంది. గాలిని అదుపు చేయడానికి ఒక రేకు డంపర్. బియ్యం ఉడుకుతుండగా పప్పు వేడెక్కుతుంది, చివర నీళ్ళు కాగుతాయి. కాగితం మీద చూస్తే వంక పెట్టడానికి లేదు. ఖర్చంటారా, మట్టీ, కాస్త రేకూ.

వంక వాడకంలో ఉంది. పొగ గొట్టం పొగనే కాదు, గాలిని కూడా లాగుతుంది. డంపర్ తెరిచి వదిలేస్తే మంట రయ్యిన పోయి కట్టె మామూలు కంటే ఎక్కువ కాలుతుంది. డంపర్‌ని నిమిషానికోసారి చూసుకోవాలి. చంకలో పిల్ల, చేతిలో రొట్టె పిండి, బయట గేదె అరుపు. ఎవరు చూస్తారు? కొన్నాళ్ళకి రేకు తుప్పు పట్టి పోతుంది. గొట్టంలో మసి పేరుకుంటే పొగ మళ్ళీ వంటింట్లోకే వస్తుంది. తర్వాత తరం వాళ్ళు ఇలాంటి మట్టి పొయ్యిల్ని తూకాలు పెట్టి పరీక్షిస్తే, జాగ్రత్తగా మంట పెట్టిన మూడు రాళ్ళ పొయ్యి కంటే కొన్ని మెరుగ్గా లేవని తేలింది. రాజు గారి పొయ్యి పొగని బయటికి పంపడంలో గెలిచింది, కట్టె దగ్గర తడబడింది. నా దృష్టిలో ఆయన పెట్టుకున్న లక్ష్యం మొదటిదే, కాబట్టి నేను ఫెయిలని అనను.

అసలు ఫెయిల్యూర్ ఆ తర్వాతిది. 1983 చివర్లో కేంద్ర ప్రభుత్వం జాతీయ మెరుగైన పొయ్యిల కార్యక్రమం మొదలుపెట్టింది. ల్యాబ్‌లో మట్టి పొయ్యి కనీసం 20 శాతం ఎఫిషియెన్సీ చూపించాలి, మామూలు పొయ్యి 10 శాతం దగ్గర ఉంటుంది కాబట్టి కట్టె సగం మిగలాలి. సబ్సిడీలు, టార్గెట్లు. 2002లో ఆపేసే నాటికి దాదాపు 3.5 కోట్ల పొయ్యిలు పెట్టినట్టు లెక్క. మన ప్రాజెక్టుల్లో 'డెలివర్డ్' అని టికెట్ క్లోజ్ చేయడం లాంటిదే ఇది. ప్రొడక్షన్‌లో నడుస్తోందా అని అడిగే రిపోర్టులో ఆ కాలమ్ లేదు. తర్వాత ఒడిశాలో రీమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ ఇలాంటి పొయ్యిల్నే నాలుగేళ్ళు వెంటబడి చూశారు. మొదటి ఏడాది పొగ పీల్చడం కాస్త తగ్గింది. ఆ తర్వాత అదీ లేదు. కట్టెల వాడకం తగ్గలేదు. జనం వాటిని రిపేర్ చేయించుకోలేదు, వాడటమే తగ్గించేశారు.

ఇదంతా చదివి నేను తెలివైనవాణ్ణని అనుకుని, వర్క్ ఫ్రమ్ హోమ్ పేరుతో ఊళ్ళో ఉన్న ఒక జనవరిలో నాయనమ్మ కాగు మీద పడ్డాను. గీజర్ ఉంది ఇంట్లో. ఆమెకి మాత్రం కాగు నీళ్ళే కావాలి, గీజర్ నీళ్ళకి వాసన ఉండదట! ముందు తూకం. 50 లీటర్ల నీళ్ళు 20 డిగ్రీల నుంచి 60కి రావాలంటే సుమారు 8.4 మెగాజౌల్స్ చాలు. ఎండు కట్టె కిలోకి 15 మెగాజౌల్స్ వేసుకున్నా అరకిలో పైచిలుకు. నాయనమ్మ వాడేది నాలుగు కిలోలు. అంటే 14 శాతం. పర్లేదే అనిపించింది, అక్షరం ముక్క రాని డిజైన్ అది.

రెండే మార్పులు చేశాను. మంట కింద పాత ఇనుప చువ్వల జల్లెడ వేశాను, గాలి కిందనుంచి అందడానికి. గుండిగ చుట్టూ మట్టి కట్టి, గోడకీ గుండిగకీ మధ్య రెండు వేళ్ళ సందు మాత్రమే వదిలాను, వేడి గాలి గుండిగని రాసుకుంటూ పోవడానికి. పొయ్యి నోరు కూడా చిన్నది చేశాను. వారం తర్వాత తూకం వేస్తే రెండున్నర కిలోలు. 22 శాతం! జాతీయ కార్యక్రమం టార్గెట్ దాటేశాను, ఒక్కడినే, సబ్సిడీ లేకుండా.

నాయనమ్మకి గర్వంగా చెప్పాను. ఆమె విని, "మంచిగనే జేసినవ్ బిడ్డా. గని నోరు గింత సన్నగ జేస్తె మొద్దు ఎట్ల వడ్తది? గొడ్డలి వట్టి పేళ్ళు గొట్టేదెవలు, నువ్వా?" అంది.

నేను కాదు. నా రిటర్న్ బస్ ఆదివారం. మునుపు ఆమె పెద్ద మొద్దు ఒకటి పెట్టి, కాలేకొద్దీ లోపలికి తోస్తూ మధ్యలో పాలు పిండించుకునేది, వాకిలి ఊడ్చుకునేది. ఇప్పుడు కట్టె ఒకటిన్నర కిలో మిగిలింది, గొడ్డలి పని ఓ అరగంట పెరిగింది. డెబ్భై దాటిన మనిషి చేతి మీద. ఆ అరగంట నా ఎక్సెల్ షీట్‌లో లేదు. నెల తర్వాత వెళ్ళేసరికి నోరు మళ్ళీ పెద్దదైంది, జల్లెడ మాత్రం ఉంచింది. "బూడిద తీసుడు అలక అయింది" అట. నేను వేసిన కారణం వేరు, ఆమె ఉంచుకున్న కారణం వేరు.

ఈ కథకి పూర్తి వ్యతిరేకంగా నడిచింది పసుపు కథ. నందిపేట్, ఆర్మూర్, బాల్కొండ వైపు పసుపు మా ప్రాణం. 2019 పార్లమెంటు ఎన్నికల్లో పసుపు బోర్డు కావాలని, గిట్టుబాటు ధర కావాలని నిజామాబాద్‌లో 178 మంది రైతులు నామినేషన్లు వేసి నిలబడ్డారు, మొత్తం అభ్యర్థులు 185. బోర్డు 2025 జనవరిలో వచ్చింది. ధర గురించి అందరూ మాట్లాడతారు కానీ, తవ్విన పసుపు మార్కెట్ యార్డుకి చేరే ముందు ఒక కట్టెల పొయ్యి దాటాలి, అది పెద్దగా వార్తల్లోకి రాదు. పచ్చి కొమ్ముల్ని ఉడికిస్తేనే లోపలి పిండి పదార్థం జిగురై రంగు సమంగా పరుచుకుంటుంది, మొలక చస్తుంది, ఎండటం త్వరగా అవుతుంది. తక్కువ ఉడికితే పెళుసు, ఎక్కువైతే రంగు పోతుంది.

నా చిన్నప్పుడు చేను పక్కన గుంత తవ్వి గాడిపొయ్యి చేసి, దాని మీద పెద్ద ఇనుప కడాయి పెట్టేవాళ్ళు. కొమ్ములు పోసి, మునిగేదాకా నీళ్ళు పోసి, ముక్కాలు గంట నుంచి గంట దాకా ఉడికించాలి. నురుగు వచ్చి, తెల్లటి ఆవిరితో ఆ ప్రత్యేకమైన వాసన వస్తే అయినట్టు. ఆ వాసన ఇప్పటికీ నాకు ఫిబ్రవరి అంటే. బాపు పుల్లతో కొమ్ముని గుచ్చి చూసేవాడు.

ఇప్పుడు లెక్క చూద్దాం. క్వింటాల్ పచ్చి కొమ్ముల్ని 100 డిగ్రీలకి తేవడానికి దాదాపు 28 మెగాజౌల్స్ కావాలి. అవి మునిగే మరో వంద లీటర్ల నీళ్ళకి 31. అంటే సగానికి పైగా వేడి పసుపుకి కాదు, నీళ్ళకి. అయితే రైతు అమాయకుడేం కాదు, రెండో దఫాకి అవే మరిగే నీళ్ళు వాడతాడు, కాబట్టి ఆ నష్టం రోజుకి ఒక్కసారే. అసలు నష్టం ఇంకోచోట ఉంది. నీళ్ళు మరగడం మొదలయ్యాక మంట ఎంత పెంచినా 100 డిగ్రీలు దాటదు, ఆవిరి మాత్రం పోతుంది. లీటరు నీళ్ళు ఆవిరైతే 2.26 మెగాజౌల్స్ పోయినట్టు. గంటలో 15 లీటర్లు ఆవిరైతే 34 మెగాజౌల్స్, పసుపుని ఉడికించిన దానికంటే ఎక్కువ! కడాయి మీద తడి గోనె సంచులో, పసుపు ఆకో కప్పడం ఉత్తి ఆచారం కాదన్నమాట. ఆ గోనె సంచి కింద ఉన్న థర్మోడైనమిక్స్ నాకు మూడో సెమిస్టర్‌లో అర్థం కాలేదు.

ఆ తర్వాత స్టీమ్ బాయిలర్లు వచ్చాయి. ఒక బాయిలర్, పక్కన నాలుగు డ్రమ్ములు, పైపులు. డ్రమ్ములో పసుపు నింపి మూత పెట్టి ఆవిరి వదులుతారు. కొమ్ము మీద ఆవిరి నీరుగా మారేటప్పుడు ఆ 2.26 మెగాజౌల్స్ అంతా నేరుగా కొమ్ముకే ఇచ్చేస్తుంది. కడాయిలో గంట పట్టేది ఇందులో పావుగంట, ఇరవై నిమిషాలు. అడుగున మెత్తబడి పైన పచ్చిగా మిగిలే గొడవ తక్కువ. ట్రాక్టర్ వెనక కట్టుకుని చేను దగ్గరికే తెస్తారు, డ్రమ్ముకింత అని కిరాయి. మా వైపు కడాయిలు చూస్తుండగానే మూలపడ్డాయి. ఎవరూ ఇళ్ళకి వచ్చి చైతన్యం కలిగించలేదు. కట్టె మిగులుతుందని కూడా ఎవరూ కొనలేదు. కూలీలు దొరకని ఫిబ్రవరిలో నలుగురు చేసే పని ఇద్దరితో అవుతుందని వచ్చింది, కట్టె దానంతటదే మిగిలింది.

మరి సమస్య తీరిపోయిందా అంటే, పోయిన ఫిబ్రవరిలో మా చేనుకి వచ్చిన బాయిలర్ దగ్గర నేను మళ్ళీ తూకం కాటా పట్టుకుని నిలబడ్డాను. పైపులు, డ్రమ్ములు అన్నీ ఉత్త రేకే, చెయ్యి పెడితే కాలుతోంది. అంటే ఆ వేడంతా చేనుకి పోతోంది. పొగ గొట్టం మనిషి ఎత్తు కూడా లేదు, డ్రమ్ములు తిప్పే ఆయన, కొమ్ములు ఎత్తిపోసే ఆడవాళ్ళు ఆ పొగలోనే. బాయిలర్ అతన్ని అడిగాను, "అన్నా, గీ డ్రమ్ములకు మట్టి పూసినా, గోనె సంచులు చుట్టినా కట్టె మస్తు మిగుల్తది గదా?"

అతను నవ్వి, "మిగుల్తది తమ్మీ. గని కిరాయి డ్రమ్ము లెక్క. కట్టెలు మీ బాపువి" అన్నాడు.

పొగ గొట్టం ఇంకో ఆరడుగులు పెంచితే అన్నాను. "రోడ్డు మీద కరెంట్ తీగలు తగుల్తయి" అన్నాడు. అదీ నిజమే. మడత పెట్టే గొట్టం చేయించొచ్చేమో అని అక్కడే కాగితం మీద గీసి చూపించాను. వెల్డింగ్‌కి ఎంతవుతుందని అడిగాడు. నిజామాబాద్‌లో ఒక వెల్డర్‌ని అడిగి చూశాం, మరీ ఎక్కువేం కాదు, ముగ్గురు రైతులు పంచుకుంటే సరిపోయేటట్టుంది.

బాపు మాత్రం ఆ రోజే ఇంట్లోంచి పది గోనె సంచులు తెచ్చి, తడిపి, పైపులకి చుట్టాడు. కట్టెలు ఆయనవి కదా.